హెపటైటిస్ బి ఉన్న క్షయ రోగులకు ముందస్తు పరీక్షలే కాలేయ రక్ష

మొదటి రెండు నెలల పర్యవేక్షణ కీలకం - కామెర్లు కనిపిస్తే ఆసుపత్రికే వెళ్ళాలి, చికిత్సకు స్వస్తి చెప్పరాదు

ఏటా మార్చి 24వ తేదీని ప్రపంచ క్షయ దినంగాను, జూలై 28వ తేదీని ప్రపంచ హెపటైటిస్ దినంగాను జరుపుకోవడం ఆనవాయితీ. 1882లో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించిన రోజు మొదటిది. హెపటైటిస్ బి వైరస్‌ను గుర్తించి 1976లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ జన్మదినం రెండవది. ఈ రెండు వ్యాధులకు దినాలు వేరు, జాతీయ కార్యక్రమాలు వేరు, ఆసుపత్రులలో చికిత్స విభాగాలు కూడా వేరు. కానీ ఒకే వ్యక్తికి రెండు వ్యాధులూ ఉన్నప్పుడు ఒకదాని చికిత్స మరొకదానిపై ప్రభావం చూపుతుంది. క్షయను నయం చేసే ప్రధాన ఔషధాలు కాలేయంపై భారం మోపుతాయి. హెపటైటిస్ బి వైరస్ నివాసం ఏర్పరచుకునేది కూడా కాలేయంలోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బి తో జీవిస్తున్నారు. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. కాబట్టి ఈ రెండు వ్యాధులు ఒకే వ్యక్తిలో కలిసి ఉండటం అరుదైన విషయమేమీ కాదు. హెపటైటిస్ బి సోకినవారిలో అధికులకు ఏ లక్షణాలూ కనిపించవు. తమలో వైరస్ ఉన్నదన్న సంగతి వారికి తెలియదు. క్షయ చికిత్స మధ్యలో కళ్ళు పచ్చబడిన తరువాత రక్త పరీక్ష చేయిస్తే అప్పుడు బయటపడుతుంది. ఆ పరీక్షను చికిత్స ఆరంభంలోనే చేయించినట్లయితే చాలా వరకు ప్రమాదాన్ని నివారించవచ్చునని వైద్య నిపుణులు సూచిస్తున్నారు.

క్షయ ఔషధాలు - కాలేయం

మందులకు లొంగే సాధారణ క్షయకు చికిత్సా కాలం 6 నెలలు. మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే 4 ఔషధాలను, తరువాతి 4 నెలలు పైరజినమైడ్ మినహా మిగిలిన 3 ఔషధాలను ప్రతిరోజూ ఇస్తారు. రోగి శరీర బరువును బట్టి మాత్రల సంఖ్యను నిర్ణయిస్తారు. వీటిలో మొదటి మూడు ఔషధాలకు కాలేయానికి హాని కలిగించే స్వభావం ఉంది. పైరజినమైడ్ వల్ల ఈ ముప్పు మరింత ఎక్కువ. ఇథాంబుటాల్ వల్ల కాలేయానికి చెప్పుకోదగిన హాని ఉండదు.

ఐసోనియాజిడ్‌ను కాలేయంలోని ఒక ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. ఈ ఎంజైము పనితీరు జన్యుపరంగా కొందరిలో వేగంగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. మందకొడిగా ఉన్నవారిలో హానికరమైన పదార్థాలు పేరుకునే అవకాశం ఎక్కువ. వృద్ధాప్యం, పోషకాహార లోపం, మద్యపానం, ముందునుంచే ఉన్న కాలేయ జబ్బులు ఈ ముప్పును పెంచే ఇతర కారణాలు.

చికిత్స ప్రారంభించిన తొలి వారాలలో కాలేయ ఎంజైములు కొద్దిగా పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. మందులు కొనసాగుతుండగానే అవి తిరిగి సాధారణ స్థాయికి చేరుకుంటాయి. శరీరం మందులకు అలవాటుపడే క్రమంలో జరిగే మార్పు ఇది. అందువల్ల ఎంజైములు కొంచెం పెరిగినంత మాత్రాన మందులు ఆపివేయడం తగదు. అదే సమయంలో, నిజమైన కాలేయ వాపును ఈ చిన్నపాటి పెరుగుదలగా భావించి నిర్లక్ష్యం చేయడం ప్రాణాంతకం కావచ్చు. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించడానికే క్రమబద్ధమైన పరీక్షలు అవసరం.

వైరస్ తోడైతే పెరిగే ముప్పు

హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాలను నేరుగా ధ్వంసం చేయదు. వైరస్ చేరిన కణాలపై శరీర రోగనిరోధక వ్యవస్థ చేసే దాడి వల్ల కాలేయానికి వాపు వస్తుంది. ఈ దాడి కొన్నేళ్ళు సద్దుమణిగి, మరికొన్నాళ్ళు తీవ్రమవుతుంది. క్షయ చికిత్స జరుగుతున్న సమయంలో అది తీవ్రమైతే, కాలేయ వాపు మందుల వల్ల వచ్చిందా, వైరస్ వల్ల వచ్చిందా అని తేల్చడం వైద్యులకు సైతం కష్టమవుతుంది.

హాంకాంగ్ వైద్యులు 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనం ఈ అంశంపై తరచుగా ఉదహరించబడుతుంది. క్షయ మందులు వాడిన హెపటైటిస్ బి వాహకులలో 34.9 శాతం మందికి, వైరస్ లేని క్షయ రోగులలో 9.4 శాతం మందికి కాలేయ పనితీరు దెబ్బతిన్నట్లు అందులో తేలింది. అయితే వాహకులందరికీ ముప్పు సమానంగా ఉండదు. రక్తంలో వైరస్ తక్కువగా ఉండి, కాలేయ పరీక్షలు సాధారణంగా ఉన్న నిద్రాణ వాహకులకు తగిన పర్యవేక్షణతో సాధారణ క్షయ మందులనే వాడవచ్చునని కొరియా వైద్యులు 2005లో ప్రచురించిన అధ్యయనం పేర్కొన్నది. కాబట్టి వైరస్ ఉన్నదని తెలుసుకోవడంతోపాటు అది ఏ స్థితిలో ఉన్నదో కూడా తెలుసుకోవలసి ఉంటుంది.

చికిత్సకు ముందు చేయించవలసిన పరీక్షలు

క్షయ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, మధుమేహ పరీక్షలు చేయడం జాతీయ కార్యక్రమంలో భాగం. వీటితోపాటు హెపటైటిస్ బి ని గుర్తించే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్షను కూడా అదే రోజు చేయించడం శ్రేయస్కరం. వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కతో కొద్ది నిమిషాలలో ఫలితం చెప్పగల కిట్లు అందుబాటులో ఉన్నాయి.

హెచ్‌బీఎస్‌ఏజీ ఉన్నట్లు తేలితే ఈ కింది పరీక్షలు అవసరమవుతాయి.

- కాలేయ పనితీరు పరీక్షలు: ముఖ్యంగా ఏఎల్‌టీ అనే ఎంజైము, బిలిరుబిన్. ఏఎల్‌టీనే ఎస్‌జీపీటీ అని కూడా వ్యవహరిస్తారు.
- రక్తంలో వైరస్ పరిమాణాన్ని తెలిపే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష.
- సిర్రోసిస్ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ప్లేట్‌లెట్ల సంఖ్య, పొట్ట అల్ట్రాసౌండ్ పరీక్ష.
- మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష.
- హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ పరీక్షలు.

పరీక్షలతోపాటు రోగిని అడిగి తెలుసుకోవలసిన విషయాలూ ఉన్నాయి. మద్యం అలవాటు, ఇతర జబ్బులకు వాడుతున్న మందులు, నాటు మందులు, గతంలో వచ్చిన కామెర్లు, కుటుంబంలో కాలేయ క్యాన్సర్ వంటి వివరాలను చికిత్స కార్డులో నమోదు చేయాలి. ఈ ఫలితాల కోసం వేచి ఉంటూ క్షయ చికిత్సను అనవసరంగా ఆలస్యం చేయరాదు. వైరస్ పరిమాణం తెలిపే నివేదిక రావడానికి కొన్ని రోజులు పట్టినా, ఎంజైముల నివేదిక చూసి వైద్యులు చికిత్స ప్రారంభించవచ్చు.

వైరస్‌ను అదుపు చేసే మందులు

హెపటైటిస్ బి ని పూర్తిగా నిర్మూలించే మందు లేకపోయినా, దానిని అదుపులో ఉంచే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు ఉన్నాయి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తాయి.

సిర్రోసిస్ ఉన్నవారికి ఈ మందులు తప్పనిసరి. మిల్లీలీటరు రక్తంలో వైరస్ 2,000 అంతర్జాతీయ యూనిట్లకు మించి, ఏఎల్‌టీ కూడా సాధారణ పరిమితి దాటిన వయోజనులకు మందులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించాయి. వైరస్ పరిమాణం కొలిచే వసతి లేనిచోట ఏఎల్‌టీ నిలకడగా అధికంగా ఉన్నా చికిత్సకు అర్హులే. ఇటువంటి వారికి క్షయ మందులకు ముందుగా గాని, వాటితోపాటు గాని వైరస్ మందులు ప్రారంభించడం వల్ల కాలేయానికి రక్షణ లభిస్తుంది. నిద్రాణ వాహకులందరికీ ముందుజాగ్రత్తగా వైరస్ మందులు ఇవ్వాలా అన్న విషయంలో నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. వారికి క్రమం తప్పని పర్యవేక్షణ కనీస అవసరం.

మందుల ఎంపికలో నాలుగు జాగ్రత్తలు ముఖ్యమైనవి.

మొదటిది, టెనోఫోవిర్ రెండు రూపాలలో లభిస్తుంది. వాటిలో టెనోఫోవిర్ అలాఫెనమైడ్ స్థాయిని రిఫాంపిసిన్ తగ్గించివేస్తుంది. కాబట్టి రిఫాంపిసిన్ వాడుతున్నంత కాలం టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ గాని, ఎంటెకావిర్ గాని వాడటం ఉచితం.

రెండవది, హెచ్‌ఐవీ పరీక్ష చేయకుండా ఈ మందులలో ఏ ఒక్కదానినీ విడిగా ప్రారంభించరాదు. హెచ్‌ఐవీ కూడా ఉన్నవారికి ఒక్క మందే ఇస్తే హెచ్‌ఐవీ దానికి లొంగని స్థితి ఏర్పడుతుంది.

మూడవది, మెదడు పొరలకు లేదా గుండె పొరకు క్షయ సోకినప్పుడు స్టెరాయిడ్లు వాడవలసి వస్తుంది. స్టెరాయిడ్లు రోగనిరోధక శక్తిని తగ్గించడంతో నిద్రాణంగా ఉన్న వైరస్ విజృంభించవచ్చు. ఇటువంటి రోగులకు ముందుగానే వైరస్ మందులు అందించవలసి ఉంటుంది.

నాలుగవది, క్షయ చికిత్స ముగిసిన రోజుతో వైరస్ మందులు ఆపరాదు. వైద్యుల సలహా లేకుండా హఠాత్తుగా మానివేస్తే వైరస్ తిరగబెట్టి తీవ్రమైన కాలేయ వాపు రావచ్చు.

సిర్రోసిస్ ఉన్నవారికి మార్పులు

కాలేయం ఇప్పటికే దెబ్బతిన్నవారికి క్షయ మందుల కలయికను నిపుణులు మార్చుతారు. సాధారణంగా ముందు తొలగించేది పైరజినమైడ్‌ను. దానికి బదులు చికిత్సా కాలాన్ని 9 నెలలకు పొడిగిస్తారు. కాలేయ స్థితి మరింత క్షీణించినవారికి ఆ మూడు ఔషధాలలో ఒకదానినే వాడటం, లేదా అన్నింటినీ మాని ఇథాంబుటాల్, లీవోఫ్లోక్సాసిన్, అమికాసిన్ వంటి వాటిపై ఆధారపడటం జరుగుతుంది. ఈ నిర్ణయాలు జిల్లా లేదా బోధనాసుపత్రి స్థాయి నిపుణులు తీసుకోవలసినవి.

మొదటి రెండు నెలలు కీలకం

మందుల వల్ల కలిగే కాలేయ వాపు అధిక భాగం తొలి 2 నెలలలోనే తలెత్తుతుంది. హెపటైటిస్ బి ఉన్నవారికి చికిత్స మొదలైన 2 వారాలకు, 4 వారాలకు, ఆ తరువాత కనీసం నెలకొకసారి కాలేయ పరీక్ష చేయించడం మంచిది.

ఏ స్థాయిలో మందులు ఆపాలన్న విషయంలో వైద్యులు పాటించే కొలమానం సులభంగా అర్థమయ్యేదే. వికారం, వాంతులు, కామెర్లు వంటి లక్షణాలు ఉండి ఏఎల్‌టీ గరిష్ఠ సాధారణ పరిమితికి 3 రెట్లు దాటినా, లక్షణాలు లేకపోయినా 5 రెట్లు దాటినా కాలేయంపై భారం మోపే మందులను వెంటనే ఆపివేయాలి. ఉదాహరణకు, ప్రయోగశాల పేర్కొన్న గరిష్ఠ పరిమితి 40 యూనిట్లు అయితే లక్షణాలు ఉన్నవారికి 120, లేనివారికి 200 ప్రమాద సూచికలు. ముందునుంచే ఏఎల్‌టీ అధికంగా ఉన్న హెపటైటిస్ బి రోగికి ఆరంభంలో ఉన్న సంఖ్యతో కూడా పోల్చి చూడాలి. చికిత్సకు ముందు చేసే పరీక్ష విలువ ఇక్కడే తెలుస్తుంది. మొదటి సంఖ్య లేనిదే రెండవ సంఖ్యకు అర్థం ఉండదు.

రోగి, కుటుంబ సభ్యులు గుర్తించవలసిన లక్షణాలు

- ఆకలి మందగించడం, అన్నం సహించకపోవడం
- ఆగకుండా వికారం, వాంతులు
- పొట్ట కుడివైపు పైభాగంలో నొప్పి
- కారణం లేని తీవ్రమైన నీరసం
- కళ్ళు, చర్మం పచ్చబడటం
- మగత, మాట తడబాటు, రక్తస్రావం (ఇవి అత్యవసర లక్షణాలు)

మూత్రం రంగు విషయంలో చాలామంది పొరబడుతుంటారు. రిఫాంపిసిన్ వాడేవారికి మొదటి మోతాదు నుంచే మూత్రం ఎర్రగా లేదా నారింజ రంగులో వస్తుంది. చెమట, కన్నీరు కూడా ఆ రంగు పులుముకోవచ్చు. ఇది హానికరం కాదు. దీనిని చూసి భయపడి మందులు మానినవారు ఉన్నారు. అదే విధంగా, మూత్రం రంగు మారడం మామూలేనని అనుకుని నిజమైన కామెర్లను పట్టించుకోని సందర్భాలూ ఉంటాయి. కాబట్టి మూత్రంతోపాటు కళ్ళ తెల్లగుడ్డును పగటి వెలుతురులో చూసుకోవాలి. కళ్ళు పచ్చబడితే అది మందు రంగు కాదు, కామెర్లు.

ఆపడం తాత్కాలికమే

కామెర్లు కనిపించిన రోగి తదుపరి మోతాదు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ కాలేయ పరీక్షలతోపాటు రక్తం గడ్డకట్టే సమయం, వైరస్ పరిమాణం చూస్తారు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కూడా కామెర్లకు కారణం కావచ్చు కనుక ఆ పరీక్షలూ అవసరమే. వైరస్ విజృంభించినట్లు తేలితే వైరస్ మందులు వెంటనే ప్రారంభిస్తారు. క్షయ తీవ్రంగా ఉన్నవారికి ఆ మధ్యకాలంలో కాలేయంపై భారం లేని మందులు ఇస్తారు.

ఏఎల్‌టీ సాధారణ పరిమితికి 2 రెట్ల లోపునకు దిగి, లక్షణాలు తగ్గిన తరువాత మందులను ఒక్కొక్కటిగా తిరిగి ప్రవేశపెడతారు. సాధారణంగా ముందు రిఫాంపిసిన్, 3 నుంచి 7 రోజుల తరువాత ఐసోనియాజిడ్ ఇస్తారు. కాలేయ వాపు తీవ్రంగా వచ్చినవారికి పైరజినమైడ్‌ను మళ్ళీ ఇవ్వకపోవడమే క్షేమం. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా మందులు తిరిగి ప్రారంభించిన 175 మందిలో దాదాపు 11 శాతం మందికే కాలేయ వాపు పునరావృతమైంది. అది హెపటైటిస్ బి రోగులకు ప్రత్యేకించి చేసిన అధ్యయనం కాకపోయినా, కామెర్లు వచ్చాయి కనుక క్షయ చికిత్స ముగిసినట్లేనన్న అపోహను అది తొలగిస్తున్నది. చికిత్స మధ్యలో శాశ్వతంగా మానివేసిన రోగికి క్షయ తిరగబెడుతుంది, మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉంటుంది, కుటుంబ సభ్యులకు సోకుతుంది.

పసరు మందులతో కాలహరణం వద్దు

కామెర్లు అనగానే ఆకు పసరు తాగించడం, చేతికి వాత పెట్టించడం తెలుగు పల్లెలలో ఇప్పటికీ కనిపిస్తున్నది. వైరస్ వల్ల వచ్చే కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. ఆ ఖ్యాతి పసరుకు దక్కుతుంది. క్షయ మందుల వల్ల వచ్చిన కామెర్ల విషయంలో ఈ నమ్మకం ప్రమాదకరం. మందు కడుపులోకి వెళుతున్నంత కాలం కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. పసరులోని పదార్థాలు దానికి తోడు కావచ్చు. చికిత్సా కాలంలో మద్యాన్ని పూర్తిగా మానాలి. జ్వరానికీ, ఒళ్ళు నొప్పులకూ పారాసిటమాల్‌ను వైద్యులు చెప్పిన మోతాదుకు మించి వాడరాదు.

పోషకాహారం కాలేయానికీ మేలు చేస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయల చొప్పున ఇస్తూ వచ్చిన సహాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఈ మొత్తం రోగి బ్యాంకు ఖాతాలో నేరుగా జమ అవుతుంది.

అధికారుల దృష్టికి

క్షయ, హెపటైటిస్ కార్యక్రమాల మధ్య సమన్వయం సాధించడానికి కొత్త భవనాలు, భారీ వ్యయం అవసరం లేదు. ఈ కింది చర్యలు చాలు.

- క్షయ నమోదు రోజే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష, కాలేయ పరీక్ష చేయించడం.
- ఫలితం ఉన్నవారిని చీటీ రాసి పంపి ఊరుకోకుండా, హెపటైటిస్ చికిత్సా కేంద్రానికి చేరినదీ లేనిదీ వాకబు చేయడం.
- క్షయ నిర్ధారణకు వాడే ట్రూనాట్, జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాలపై తగిన చిప్ లేదా కాట్రిడ్జ్‌తో హెపటైటిస్ బి వైరస్ పరిమాణాన్ని కూడా కొలవవచ్చు. ఈ సౌకర్యాన్ని వినియోగించుకోవడం.
- ప్రస్తుతం నాలుగు మందులు ఒకే మాత్రలో కలిపి వస్తున్నాయి. కాలేయ వాపు తరువాత ఒక్కొక్క మందును విడిగా ఇవ్వవలసి ఉంటుంది. అందుకు విడి మందులను జిల్లా ఔషధ నిల్వ కేంద్రాలలో సిద్ధంగా ఉంచడం.
- మాత్రలు అందించే ఆశా కార్యకర్తలకు ప్రమాద లక్షణాలపై శిక్షణ ఇవ్వడం. కళ్ళు పచ్చబడిన రోగితో మాత్ర మింగించడం కన్నా ఆసుపత్రికి పంపడం వారి మొదటి బాధ్యతగా తెలియజేయడం.

కుటుంబానికి రక్షణ

హెపటైటిస్ బి రక్తం ద్వారా, కలుషిత సూదుల ద్వారా, లైంగిక సంబంధాల ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. కలిసి భోజనం చేయడం వల్లగాని, తాకడం వల్లగాని సోకదు. కుటుంబ సభ్యులందరూ పరీక్ష చేయించుకుని, వైరస్ లేనివారు టీకా వేయించుకోవాలి. పెద్దలకు 0, 1, 6 నెలలలో మూడు మోతాదులు ఇస్తారు. శిశువులకు పుట్టిన 24 గంటలలోపు మొదటి టీకా పడాలి. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశీయంగా రూపొందించిన రీకాంబినెంట్ టీకాను విడుదల చేయడంతో, అంతవరకు ఖరీదైన దిగుమతిగా ఉన్న హెపటైటిస్ బి టీకా సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 2011 నాటికి సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దేశమంతటా ఇది చేరింది. అంతకు ముందు పుట్టిన వయోజనులలో చాలామందికి ఈ రక్షణ లేదు. నేడు క్షయ చికిత్సకు వస్తున్నవారిలో వీరి సంఖ్యే ఎక్కువ.

పాత్రికేయులకు సూచన

"క్షయ మందులతో కాలేయానికి ముప్పు" అన్న ఒక్క వాక్యం పతాక శీర్షికగా వెలువడితే, ఎందరో రోగులు మందులు మానివేసే అవకాశం ఉంది. ముప్పును దాచవలసిన పని లేదు. దానితోపాటు ముప్పును ముందుగా గుర్తించే పరీక్ష ఉన్నదని, అదుపు చేసే మందు ఉచితంగా లభిస్తున్నదని, ఆపిన చికిత్సను మళ్ళీ ప్రారంభించవచ్చునని కూడా అదే వార్తలో చెప్పడం అవసరం. రోగుల పేర్లు, ఫోటోలు, వ్యాధి వివరాలు బహిర్గతం చేయరాదు. వివక్షకు భయపడిన రోగి తనకు హెపటైటిస్ బి ఉన్నదన్న మాటను క్షయ వైద్యునికి సైతం చెప్పడు. ఆ మౌనం వల్ల అతని కాలేయానికే హాని.

క్షయ, హెపటైటిస్ పరీక్షలు, చికిత్సల వివరాలకు సమీప ప్రభుత్వ ఆసుపత్రిని గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని సంప్రదించవచ్చు. క్షయ చికిత్సకు సంబంధించిన సందేహాలకు నిక్షయ్ సంపర్క్ ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.